జీపు క్లచ్ కథ: కొండదారి బండికి ఏది తగినది?



కొండదారిలో నడిచే జీపుకు ఏది ముఖ్యమని అడిగితే ఒకరు ఇంజను అంటారు, మరొకరు బ్రేకులంటారు, ఇంకొకరు నాలుగు చక్రాలకూ అందే శక్తి అంటారు. క్లచ్ పేరు ఎత్తేవారు అరుదు. అది అరిగిపోయిన రోజున మాత్రం తక్కిన మూడూ ఉండి కూడా బండి కదలదు. అప్పుడు షెడ్డులో ఒక ప్రశ్న పుడుతుంది: కొత్త క్లచ్ ఏది వేయించాలి? కంపెనీ ఇచ్చినలాంటిదేనా, ఇంకా గట్టిదా, పాత ప్లేటుకే లైనింగు వేయిస్తే సరిపోతుందా? చాలామంది "ఎలాగూ ఖర్చు పెడుతున్నాం, అన్నిటికన్నా గట్టిది వెయ్యండి" అంటారు. ఆ మాట సబబేనా అన్నదే ఈనాటి మన విషయం. జవాబు కోసం క్లచ్ చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే ఇదే ప్రశ్నను మనకన్నా ముందు చాలామంది ఎదుర్కొన్నారు, సమాధానాలూ వెతికారు.

మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. కోరాపుట్, జయపురం ప్రాంతాలు 1936 దాకా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. రేఖ మారింది గాని దారి మారలేదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడల మీదుగా కోరాపుట్ చేరే దారిలో వ్యాపారం కోసం, ఉద్యోగం కోసం మనవాళ్ళు వస్తూపోతూనే ఉన్నారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. తరువాత సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం, దమన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం వచ్చాయి. వీటి వెంట జీపు కూడా వచ్చింది. తారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఊళ్ళోకి మనిషిని, ధాన్యం బస్తాను, పురిటి నొప్పుల తల్లిని మోసుకుపోయిన బండి అదే. కనుక ఇక్కడ క్లచ్ జారడమంటే ఒక ఇంజను భాగం చెడిపోవడం మాత్రమే కాదు. సంతకు పోవలసిన సరుకు ఆగిపోవడం, ఆసుపత్రికి చేరవలసిన మనిషి దారిలో చిక్కుకోవడం.

ఇంతకీ క్లచ్ చేసే పని ఏమిటి? తిరుగుతున్న ఇంజనును, ఆగి ఉన్న చక్రాలను నెమ్మదిగా కలపడం, కావలసినప్పుడు విడదీయడం. పాత పిండిమరను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఇరుసు మీద రెండు చక్రాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఇరుసుకు బిగించినది, ఒకటి ఊరికే తిరిగేది. మర ఆపాలంటే ఇంజను ఆపరు. బెల్టును కర్రతో పక్కకు తోసి ఊరికే తిరిగే చక్రం మీదికి చేరుస్తారు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ నడిపిన మూడు చక్రాల మోటారు బండిలో ఉన్న ఏర్పాటూ ఇదే. అంటే మోటారు బండి తొలి క్లచ్, మన పిండిమర బెల్టు ఒకే జాతివి.

ఇంజను శక్తి పెరిగేకొద్దీ బెల్టు చాలలేదు. అప్పుడు వచ్చింది శంకువు ఆకారపు క్లచ్. ఒక గరాటులో మరొక గరాటు దిగినట్టు, ఫ్లైవీల్‌లోని గుంటలోకి తోలు తొడిగిన శంకువు దిగి పట్టుకునేది. పట్టు బాగానే ఉండేది, కాని తోలు ఎండిపోతే పట్టు ఒక్కసారిగా పడి బండి ఎగిరి దూకేది. అందుకని డ్రైవర్లు దానికి ఆముదం వంటి నూనెలు పట్టించేవారు. నూనె ఎక్కువైతే జారిపోయేది. అప్పుడు నూనెను పీల్చే మట్టిపొడి చల్లేవారు. ఈ చిన్న సంగతిలోనే క్లచ్ చరిత్ర అంతా ఇమిడి ఉంది. గట్టిగా పట్టాలి, మెత్తగా కలవాలి. ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి ఎదురు. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. నూటపాతికేళ్ళుగా ఇంజనీర్లు చేస్తున్నది ఈ రెంటి మధ్య రాజీ కుదర్చడమే.

తోలు స్థానంలోకి ఏది వచ్చింది? ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన గుర్రపు బండ్ల బ్రేకుల కోసం కొత్త పదార్థాలు వెతికి 1897లో ఒక సంస్థ ప్రారంభించాడు. ఫెరోడో అన్న పేరు ఆయన పేరులోని అక్షరాల నుంచి పుట్టినదే. గుర్రపు బండికి సరిపోయిన నూలు, వెంట్రుకల నేత మోటారు బండి వేడికి మాడిపోయింది. అప్పుడు అందరి కళ్ళూ రాతినార మీద పడ్డాయి. అదే ఆస్బెస్టాస్. రాయిలా కాలదు, నూలులా నేయవచ్చు, ధర తక్కువ. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనుల నుంచి చాలాకాలం తవ్వి తీసిన రాతినార ఈ జాతిదే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం ప్రపంచమంతటా బ్రేకులకూ, క్లచ్ ప్లేట్లకూ ఇదే ఆధారమయింది. దీని మూల్యం ఎవరు చెల్లించారో తరువాత చెబుతాను.

ఆకారం కూడా మారింది. శంకువు పోయి బల్లపరుపు ప్లేటు వచ్చింది. ఫ్లైవీల్‌కూ, స్ప్రింగులతో నొక్కే ప్రెషర్ ప్లేటుకూ నడుమ రెండు వైపులా లైనింగు ఉన్న ఒక పళ్ళెం. పెడల్ నొక్కితే ఒత్తిడి తగ్గి పళ్ళెం విడిపోతుంది. వదిలితే మళ్ళీ పట్టుకుంటుంది. నేటికీ మన జీపుల్లో ఉన్నది ఈ పొడి ప్లేటు పద్ధతే.

ఇక జీపు సంగతికి వద్దాం. 1940లో అమెరికా సైన్యం తేలికగా, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కావాలని అడిగింది. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ సెప్టెంబరులో మొదటి నమూనాను అందించింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. విల్లీస్ జీపు ఇంజను సామర్థ్యం 2.2 లీటర్లు, శక్తి 60 అశ్వశక్తి. దాని క్లచ్ ప్లేటు వ్యాసం 7 అంగుళాల 7/8, అంటే సుమారు 20 సెంటీమీటర్లు. అన్నం తినే కంచం కన్నా చిన్నది. సైన్యానికి అది సరిపోయింది. బండి తేలికగా ఉండాలన్నది వాళ్ళ మొదటి షరతు. చెడిపోతే మార్చడానికి విడిభాగాలూ, మెకానిక్కులూ వెంటే ఉండేవారు. యుద్ధంలో బండి పదేళ్ళు మన్నాలని ఎవరూ అనుకోరు.

యుద్ధం ముగిశాక, 1945లో, విల్లీస్ కంపెనీ అదే బండిని రైతులకు అమ్మాలనుకుంది. పొలం దున్నడానికి, బరువు లాగడానికి, ఇంజను శక్తితో బయటి యంత్రాలు తిప్పడానికి పనికివచ్చేలా సి.జె. 2ఎ అనే నమూనాను తెచ్చింది. ఇక్కడ వాళ్ళు ఏమి మార్చారో శ్రద్ధగా గమనించండి. ఇంజను దాదాపు అదే. క్లచ్ ప్లేటును మాత్రం ఎనిమిదిన్నర అంగుళాలకు పెంచారు. అంతటితో ఆగలేదు. గేర్లు కూడా మార్చారు. యుద్ధపు జీపులో అన్నిటికన్నా తక్కువ గేరులో ఇంజను సుమారు ఇరవై ఐదున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది. రైతు జీపులో అది ముప్పై ఆరున్నర చుట్లు అయింది. అంటే బండి మరింత నెమ్మదిగా పాకగలదు. నెమ్మదిగా పోవడానికి డ్రైవరు క్లచ్‌ను సగం నొక్కి జారించవలసిన అవసరం తగ్గింది.

ఇందులోని పాఠం ఏమిటి? ఆ ఇంజనీర్లు స్ప్రింగు ఒత్తిడి ఒక్కటే పెంచి చేతులు దులుపుకోలేదు. రోజూ జరిగే పని ఏమిటని ముందు అడిగారు. ఆ పనికి తగినట్టు ప్లేటు వైశాల్యం కొంచెం పెంచి, క్లచ్ మీద పడే భారాన్ని గేర్ల ద్వారా తగ్గించారు. మన ప్రశ్నకు సగం జవాబు 1945లోనే దొరికిందన్నమాట.

భారతదేశంలో జీపు కథ 1947లో మొదలవుతుంది. 1945లో స్థాపించిన మహీంద్రా సంస్థ ఆ సంవత్సరం బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం ప్రారంభించింది. ఎత్తయిన బానెట్ ఉన్న సి.జె. 3బి రూపం మన దేశంలో దశాబ్దాల పాటు నడిచింది. అటవీశాఖ, పోలీసు, నీటిపారుదల శాఖ, ఎన్నికల ప్రచారం, ఏది చూసినా ఆ ముఖమే. 1980లలో ప్యుజో డీజిల్ ఇంజనుతో ఎం.ఎం. 540 వంటివి వచ్చాయి. డీజిల్ ఇంజను కొట్టే ప్రతి దెబ్బా పెట్రోలు ఇంజను దెబ్బకన్నా బరువైనది. ఆ అదురును మింగడానికే ప్లేటు నడిబొడ్డులో చుట్టూ చిన్న స్ప్రింగులు ఉంటాయి. వాటిని చూసి అలంకారమనుకోకండి. అవి గేరుబాక్సుకు కాపలాదార్లు.

మన కోరాపుట్ వైపు హిందుస్థాన్ మోటార్స్ వారి ట్రెక్కర్ కూడా బాగా తిరిగింది. ఎంతగానంటే ఒడిశాలో జనాన్ని ఎక్కించుకునే ఏ జీపునయినా ట్రెక్కర్ అనడమే అలవాటయింది. పదిమంది ఎక్కవలసిన బండిలో ఇరవైమంది, పైన మూటలు, కోళ్ళగంపలు. కుందులి సంత రోజున ఈ దృశ్యం చూడని వారుండరు. ఇటువంటి బండిలో క్లచ్ ఎందుకు తొందరగా అరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈలోగా క్లచ్‌లో మరో మార్పు వచ్చింది. చుట్టూ ఉండే చుట్ట స్ప్రింగుల స్థానంలో, లోతు తక్కువ గిన్నె వంటి ఒకే ఉక్కు రేకు స్ప్రింగు వచ్చింది. దీన్ని డయాఫ్రమ్ స్ప్రింగు అంటారు. అమెరికాలో 1930ల చివర వాడుకలోకి వచ్చి, ఐరోపాలో 1960ల నుంచి బాగా వ్యాపించింది. దీని గుణం విచిత్రమైనది. చుట్ట స్ప్రింగుల క్లచ్‌లో లైనింగు అరిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతూ పోతుంది. రేకు స్ప్రింగులో లైనింగు కొంత అరిగినా ఒత్తిడి ఇంచుమించు నిలిచే ఉంటుంది. పెడల్ కూడా కాలికి తేలికగా ఉంటుంది. రోజూ వందసార్లు క్లచ్ తొక్కే డ్రైవరు మోకాలికి ఇది చిన్న విషయం కాదు. అటువంటి క్లచ్‌లు తయారుచేసే కర్మాగారం ఒకటి తెలుగువారు తరతరాలుగా ఉంటున్న హోసూరులోనే ఉంది.

ఇప్పుడు అంగడిలో దొరికే రకాలు చూద్దాం. మొదటిది మామూలు లైనింగు ప్లేటు. గాజునార, రెసిన్, సన్నని ఇత్తడి లేదా రాగి తీగలు కలిపి చేస్తారు. మెత్తగా పడుతుంది, ఫ్లైవీల్‌ను తినదు, కాని మితిమీరిన వేడికి మాడుతుంది. రెండవది కెవ్లార్ వంటి గట్టి నార కలిపినది. ఎక్కువకాలం వస్తుంది, కాని కొత్తలో కొన్ని వందల కిలోమీటర్లు ఓపికగా నడిపి పదును పెట్టుకోవాలి. మూడవది సిరామిక్ బిళ్ళల ప్లేటు. ట్రాక్టర్లలోనూ, బరువైన లారీలలోనూ ఉంటుంది. వేడికి చెదరదు, పట్టు చాలా ఎక్కువ. కాని ఆ పట్టు మెత్తగా పడదు, టక్కున పడుతుంది. ఫ్లైవీల్ ముఖాన్ని కూడా తొందరగా అరగదీస్తుంది.

"అన్నిటికన్నా గట్టిది" అడిగే వారికి సాధారణంగా దొరికేది ఈ మూడవదే. దాన్ని రోజూ నడిచే జీపుకు వేయిస్తే ఏమవుతుంది? క్లచ్ జారదు, నిజమే. అయితే కొండ మలుపులో చక్రం రాయికి తట్టుకున్నప్పుడు వచ్చే దెబ్బ ఎక్కడికి పోవాలి? ఇంతకుముందు ప్లేటు కొంచెం జారి ఆ దెబ్బను మింగేది. ఇప్పుడు జారదు కనుక ఆ దెబ్బ గేరు పళ్ళకూ, యూనివర్సల్ జాయింటుకూ, యాక్సిల్ రాడ్డుకూ పోతుంది. తాడు తెగకపోతే గూటం ఊడుతుంది. ప్లేటు అరిగితే ఒకటి రెండు రోజుల పని. ఘాట్ మధ్యలో యాక్సిల్ విరిగితే జనంతో సహా ఏమవుతుందో ఊహించుకోండి. క్లచ్ అన్నది అవసరమైనప్పుడు లొంగవలసిన భాగం. అస్సలు లొంగని క్లచ్ మంచి క్లచ్ కాదు.

కనుక రోజూ ఊరిలోనూ, కొండదారిలోనూ నడిచే జీపుకు నా సలహా ఇది. కంపెనీ కొలత ప్లేటే వేయించండి. నడిబొడ్డు స్ప్రింగులున్న మామూలు లైనింగు చాలు. ఎప్పుడూ బరువుతోనే తిరిగే బండి అయితే, ఫ్లైవీల్‌లో చోటు ఉండి, అదే వరుస బండ్లలో ఒక సైజు పెద్ద క్లచ్ ఉంటే, దానికి మారడం స్ప్రింగు ఒత్తిడి పెంచడం కన్నా మేలు. పట్టు నిర్ణయించేవి మూడు: లైనింగు గుణం, స్ప్రింగు ఒత్తిడి, ప్లేటు వ్యాసం. ఒత్తిడి పెంచితే కాలికి, రిలీజ్ బేరింగుకు భారం. వ్యాసం పెంచితే ఎవరికీ అంత భారం లేదు. 1945 నాటి ఇంజనీర్లు చేసినది ఇదే.

కొనే ముందు పాతది ఎందుకు పోయిందో తెలుసుకోండి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పై గేరులో యాక్సిలరేటరు నొక్కితే ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టు. కారణం అరుగుదలే కానక్కరలేదు. ఇంజను వెనక సీలు నుంచి ఆయిలు కారి ప్లేటును తడిపి ఉండవచ్చు. ఆ సీలు మార్చకుండా ఎంత ఖరీదైన ప్లేటు వేసినా డబ్బు నీళ్ళపాలే. లేదా పెడల్‌కు ఉండవలసిన ఖాళీ కదలిక లేకపోవచ్చు. రాడ్డుతో పనిచేసే పాత జీపుల్లో పెడల్ ముప్పావు నుంచి ఒక అంగుళం ఊరికే కదలాలి. అది లేకపోతే కాలు తీసినా క్లచ్ కొంచెం నొక్కినట్టే ఉండి నిరంతరం జారుతుంది.

గేరుబాక్సు ఒకసారి దించాక ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోకండి. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బుష్ కూడా చూడండి. మళ్ళీ దించడానికి కూలి మళ్ళీ అంతే అవుతుంది. ఫ్లైవీల్ మీద గాట్లు, నీలి మచ్చలు ఉంటే లేతు మీద సాపు చేయించండి. కొత్త ప్లేటు నడిమి పళ్ళు గేరుబాక్సు ఇరుసు పళ్ళతో సరిపోయాయో లేదో బిగించకముందే చేత్తో తొడిగి చూడండి. పాత ప్లేటుకే లైనింగు వేయిస్తే ఖర్చు తక్కువే, కాని అలసిన స్ప్రింగులు, అరిగిన పళ్ళు పాతవే ఉండిపోతాయని మరచిపోవద్దు. టైర్ల సంగతి కూడా చెప్పాలి. 6.00-16 టైర్లున్న జీపుకు 7.50-16 టైర్లు వేస్తే చక్రం ఎత్తు పదో వంతు దాకా పెరుగుతుంది. అంతమేరా గేర్లు ఎక్కువ చేసుకున్నట్టే, క్లచ్ మీద భారం పెరిగినట్టే. ఇక డ్రైవరు పాదం. ఘాట్‌లో ఎదుటి బండికి దారి ఇస్తూ హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటుకు ఏ ప్లేటూ తట్టుకోలేదు. చేతిబ్రేకు అందుకే ఉంది.

చివరగా రాతినార మూల్యం. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత ప్రాణాంతక వ్యాధులుగా బయటపడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దానిని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చింది. 1995లో మన సుప్రీంకోర్టు రాతినార పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినది మొదలు కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఎంత ఆలస్యంగా పైకి వస్తుందో ఆ సంఖ్యలే చెబుతాయి. ఐరోపా సమాఖ్య 2005 నుంచి దాని వాడకాన్ని నిషేధించింది.

పాత జీపు క్లచ్ విప్పినప్పుడు లోపల నల్లటి పొడి ఉంటుంది. దాన్ని గాలి పైపుతో గాని, నోటితో గాని ఊదేది ఎవరు? షెడ్డులో అందరికన్నా చిన్నవాడు. బడి మానేసి అలా పానాలు అందించడానికి చేరిన పిల్లలను మా వంటి ఉపాధ్యాయులు ఏటా చూస్తూనే ఉంటారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదని 2016లో సవరించిన చట్టం చెబుతోంది. పెద్దవాడైనా సరే, ఆ పొడిని ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పనిబట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. కొత్త ప్లేటు కొనేటప్పుడు "ఇది రాతినార లేనిదేనా?" అని దుకాణంలో అడగండి, పెట్టె మీద చదవండి, బిల్లు తీసుకోండి. ఆ ప్రశ్నకు మీకు పైసా ఖర్చు లేదు.

తోలు శంకువు నుంచి ఉక్కు రేకు స్ప్రింగు దాకా వచ్చిన ఈ కథలో గెలిచినది ఎప్పుడూ అన్నిటికన్నా గట్టి క్లచ్ కాదు. రోజువారీ పనికి తగినంత పట్టు, తగినంత మెత్తదనం ఉన్నదే నిలిచింది. ఏడాదికి ఒక్కసారి వచ్చే గడ్డు ఏరు కోసం కాదు, మూడు వందల రోజులు ఎక్కే ఘాట్ కోసం మీ జీపు క్లచ్ ఎంచుకోండి. దానిని బిగించే మనిషి ఊపిరిని కూడా ఆ లెక్కలో చేర్చండి.